తీతువు పిట్టనీ దాని పిల్లల్నీ దగ్గరికి పోకుండా చూడ్డం ఎలా

మా కోనసీమ పల్లెల్లో తీతువు పిట్ట అరుపు విననివాళ్ళు ఉండరు, కానీ దాని గూడు ఎప్పుడైనా చూశారా అంటే మాత్రం తల గోక్కుంటారు. చెట్ల మీద వెతికితే దొరకదు మరి, అది కొమ్మ మీద వాలే పిట్టే కాదు. బీడునేల మీద సాసరంత గుంట, చుట్టూ గులకరాళ్ళో మట్టిబెడ్డలో మేక పెంటికలో పేర్చి ఉంటాయి, మధ్యలో మట్టిరంగు మీద నల్లమచ్చలున్న గుడ్లు, మామూలుగా నాలుగు, కోసుగా ఉన్న వైపు లోపలికి పెట్టి. అంతే, అదే గూడు. మీరు దాని పక్కనే నిలబడి ఉన్నా కనపడకపోవచ్చు, ఇది మాట వరసకి అనట్లేదు, నాకు జరిగింది, కింద చెప్తా.

ఆరేళ్ళుగా ప్రతి ఎండాకాలం అమలాపురం చుట్టుపక్కల చేలల్లో, చెరువు గట్ల మీద వీటిని చూస్తూ ఉన్నా. మొదటి రెండేళ్ళు నేను చేసినదంతా తప్పే, గూడు వెతుక్కుంటూ చేనంతా తిరగడం, దొరగ్గానే దగ్గరికెళ్ళి ఫోన్ పెట్టడం. తర్వాత అర్థమైంది ఏంటంటే గూడు మనం వెతక్కూడదు, మనం ఒకచోట కుదురుగా కూచుంటే ఆవిడే నడుచుకుంటూ వచ్చి చూపిస్తుంది. ఇక్కడ "ఆవిడ" అని నేను అలవాటుగా అంటున్నా గానీ నిజానికి మగా ఆడా ఒకేలా ఉంటాయి, పొదగడానికి ఇద్దరూ కూచుంటారు, కాబట్టి మీరు ఫొటో తీసి "తల్లి" అని పెట్టింది తండ్రి కూడా కావచ్చు.

ముందు గుర్తుపట్టడం. సైజు సుమారు 35 సెంటీమీటర్లు, పావురం కన్నా కాళ్ళు పొడుగు. వీపు గోధుమరంగు, తలా గొంతూ రొమ్మూ నలుపు, పొట్ట తెలుపు, ముక్కు ఎరుపు, ముక్కు చివర నలుపు, కంటి ముందు ఎర్రగా చిన్న కండ వేలాడుతుంది, కాళ్ళు పసుపుపచ్చ. ఎగిరినప్పుడు రెక్కలో తెల్లపట్టీ, కొసలు నల్లగా. అరుపు "టిటీ... టిటిటీ... టిటీ" అని మొదలెట్టి చేనంతా లేపేస్తుంది. ఎర్రకండ బదులు ముక్కు పక్కన పసుపుపచ్చ కండ, నెత్తిమీద నల్లటోపీ ఉంటే అది దీని చుట్టం, ఇంకా పొడి నేలల్లో ఉండేది, మన తడి డెల్టాలో ఎర్రకండదే ఎక్కువ కనపడుతుంది నాకు.

ఎప్పుడు చూడాలి అంటే గుడ్లు పెట్టే కాలం మార్చి నుంచి ఆగస్టు దాకా సాగుతుంది, కానీ మన దగ్గర చూసేవాడికి మంచి రోజులు ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు. ఎందుకంటే దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి, చేలన్నీ కొయ్యకాళ్ళతో ఎండి ఉంటాయి, చూపు దూరం వరకూ ఆనుతుంది. సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీళ్ళొదిలాక ఆ చేలల్లో ఇక నేల కనపడదు, పిట్టలన్నీ గట్ల మీదకి చేరతాయి.

ఎక్కడంటే, నా అనుభవంలో నాలుగు రకాల చోట్లు. కోత అయిపోయి ఇంకా దున్నని చేను, అందులోనూ పక్కన కాస్త తడి ఉన్న బోదె ఉంటే. రొయ్యల చెరువుల మధ్య వెడల్పు గట్లు. లంకల్లో గడ్డి పలచగా ఉన్న మెరక నేలలు. ఇళ్ళ ప్లాట్లు వేసి కంకర పోసి వదిలేసిన లేఅవుట్లు, నవ్వకండి, కంకరలో ఆ గుడ్లు కలిసిపోయినట్టు ఇంకెక్కడా కలవవు. అన్నిట్లోకీ చూడ్డానికి సులువైంది చెరువు గట్టే, ఎందుకంటే మనుషులు బళ్ళ మీద రోజూ అటూ ఇటూ పోతుంటారు, పిట్టకి అలవాటైపోయి ఉంటుంది.

సామాన్ల సంగతి తొందరగా చెప్పేస్తా. బైనాక్యులర్ ఉంటే 8 ఇంటూ 42 అని రాసి ఉన్నది చాలు, 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10 రెట్లది కొన్నాను నేను, చెయ్యి వణుకు కూడా పది రెట్లు కనపడుతుంది, స్టాండ్ లేకపోతే తలనొప్పి. వెలిసిపోయిన చొక్కా, నెత్తికి తుండు, నీళ్ళ సీసా, చిన్న ప్లాస్టిక్ స్టూలు, ఒక నోట్‌బుక్కు. తెల్లచొక్కా వద్దు. ఇంకో ముఖ్యమైన సామాను స్కూటరు, ఎందుకో ఇప్పుడే చెప్తా.

ఈ పిట్టకి మనిషి నడిచొస్తే భయం, కానీ బండి వస్తే అంత భయం లేదు, ట్రాక్టర్ పక్కనే పురుగులు ఏరుకుంటూ తిరుగుతుంది, గేదెలంటే అసలు లెక్కే లేదు. కాబట్టి బండి మీద గట్టు వెంబడి మెల్లగా వెళ్ళి, ఆపి, ఇంజన్ కట్టేసి, దిగకుండా దాని మీదే కూచోవాలి. దిగారంటే అప్పటిదాకా మీరు బండిలో ఒక భాగం, ఆ క్షణం నుంచి మనిషి. కారైతే ఇంకా మంచిది, అద్దం సగం దించి ఆ అంచు మీద బైనాక్యులర్ ఆనించుకోవచ్చు. ఇవేవీ లేకపోతే చెరువు దగ్గర కాపలావాళ్ళు ఉండే మకాం నీడలో ఒక మూల గోడకి ఆనుకుని కూచోండి, మన వెనకాల గోడ ఉంటే ఆకాశం మీద మన ఆకారం కనపడదు.

మకాంలో కూచోవాలంటే కాపలా ఉన్నాయన్ని అడిగి కూచోవాలి, ఇది మర్యాద కోసమే కాదు, ఆయనకి తెలిసినంత మనకి తెలియదు. ఒకసారి నన్ను చూసి "ఏటి బాబూ, పొద్దున్నే ఇక్కడ కూచున్నారు" అన్నాడు ఓ పెద్దాయన.

"పిట్టని చూస్తున్నానండి బాబాయ్ గారూ."

"ఏ పిట్టండి?"

"తీతువండి."

"దాన్ని చూడ్డానికొచ్చారా! అదే రాత్రంతా మమ్మల్ని చూస్తా ఉంటదండి" అని పడీపడీ నవ్వి, తర్వాత ఆయనే చెప్పాడు, రాత్రి చెరువు మీదకి ఎవరైనా వస్తే కుక్క కన్నా ముందు ఇదే అరుస్తుందని, ఈ గట్టు మీద మూడో మూల దగ్గర ఏటా పెడుతుందని. నేను వారం రోజులు తిరిగినా దొరకని సంగతి అది. తీతువు ఇంటి మీద కూస్తే కీడు అనేవాళ్ళు ఇంకా ఉన్నారు మన ఊళ్ళల్లో, వాళ్ళతో వాదన పెట్టుకోను గానీ, వెన్నెల రాత్రుళ్ళు ఇది మేత కోసం తిరుగుతూనే ఉంటుంది, నక్కో కుక్కో కనపడితే అరుస్తుంది, ఆ అరుపు మన ఇంటి మీదుగా పోతుంది, సంగతి అంతే.

సరే ఇప్పుడు అసలు పని, గూడు ఎలా కనిపెట్టాలి. చాలామంది చేసే పొరపాటు, పిట్ట నెత్తిమీద తిరుగుతూ అరుస్తోంది కాబట్టి గూడు ఇక్కడే అనుకోవడం. ఇది ఉల్టా. మీరు దూరంగా ఉండగానే అది గుడ్ల మీంచి చప్పుడు లేకుండా లేచి, తల దించుకుని గబగబా నడిచి కొంత దూరం పోయి అప్పుడు ఎగిరి అరవడం మొదలెడుతుంది. అంటే ఎగిరిన చోట గూడు ఉండదు, అరిచే చోట అసలే ఉండదు. జతలో రెండోది ఇంకోవైపు నుంచి వచ్చి కలుస్తుంది, రెండూ కలిసి మిమ్మల్ని కావాలని తప్పుదోవ పట్టిస్తాయి. ఒక్కోసారి ఏమీ లేని చోట ఉత్తినే పొదుగుతున్నట్టు కూచుంటుంది కూడా, మీరు అటు నడవగానే లేచి ఇంకో చోట కూచుంటుంది. నేను మొదటేడాది ఈ ఆటలో ఒక పొద్దంతా ఓడిపోయా.

అందుకని చెయ్యాల్సింది, అరుపు వినపడగానే ఆగండి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి, అరుపు తగ్గేదాకా వెళ్ళండి, తగ్గిన చోట కూచోండి. ఆ అరుపే మీ టేపు. ఎన్ని మీటర్లు అని నన్ను అడిగితే రెండు కరెంటు స్తంభాల మధ్య ఎంత దూరం ఉంటుందో కనీసం అంత, కొత్తచోటైతే దానికి రెండింతలు, కానీ నా అంకె కన్నా పిట్ట మాటే ఎక్కువ, ఒక జత దగ్గర చెల్లిన దూరం ఇంకో జత దగ్గర చెల్లదు.

కూచున్నాక కదలొద్దు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగదు, అక్కడే బోరు కొట్టి చాలామంది లేచిపోతారు. తర్వాత ఎక్కడో పక్కన ఒక పిట్ట మేస్తున్నట్టు నటిస్తూ కనపడుతుంది, నాలుగు అడుగులు, ఆగి చూపు, మళ్ళీ నాలుగు అడుగులు, నేలని ఓసారి పొడుస్తుంది గానీ ఏమీ తినదు, అలా వంకరటింకరగా వస్తూ వస్తూ ఒక చోట ఆగి కిందకి చూస్తుంది. ఇది చూడాలి మీరు. ముక్కుతో కిందేదో సర్దినట్టు చేసి, పొట్ట ఈకలు ఉబ్బించి, అటూ ఇటూ ఊపుకుంటూ మెల్లగా దిగుతుంది, దిగి మళ్ళీ కొంచెం జరుగుతుంది. అలా ఒళ్ళు ఊపుకుని దిగిందంటే గుడ్లు ఉన్నట్టే, ఉత్తుత్తి కూచోడంలో ఆ సర్దుకోవడం సరిగ్గా ఉండదు. ఇరవై నిమిషాలైనా వచ్చి కూచోలేదంటే తప్పు మీదే, ఇంకా దగ్గరగా ఉన్నారన్నమాట, లేచి ఇంకో యాభై అడుగులు వెనక్కి జరగండి.

కూచుంది కదా అని సంబరపడి పుల్ల పాతడం, గుడ్డ కట్టడం, రాయి పెట్టడం లాంటివి వద్దు. పుల్ల మీద కాకి వాలుతుంది, గుడ్డ చూసి మేకలు కాసే పిల్లలు వస్తారు. మీరు కూచున్న చోటి నుంచి ఒక గీత గుర్తుపెట్టుకోండి చాలు, "వంగిన కొబ్బరిచెట్టు, దాని వెనక సెల్ టవర్, రెంటి కిందా మోకాలెత్తు జిల్లేడు, జిల్లేడుకి ఎడమ పక్క రెండు అడుగులు" అని నోట్‌బుక్కులో రాసుకోండి. మర్నాడు కూడా సరిగ్గా అదే చోట కూచుంటేనే ఆ గీత పనిచేస్తుంది, పిట్టకి కూడా మీరు అదే చోట రోజూ కనపడితే అలవాటు అవుతుంది.

వేళ సంగతి చాలా గట్టిగా చెప్పాలి. పొద్దున్న ఎనిమిది లోపు, లేకపోతే సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం దగ్గరికి వెళ్ళొద్దు. రోహిణి కార్తెలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంటే నేల మీద వేడి ఇంకా ఎక్కువ, ఆ వేళ పిట్ట గుడ్ల మీద కూచునేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. చాలాసార్లు కూచోదు కూడా, గుడ్ల మీద నిలబడి రెక్కలు కొంచెం జార్చి, నోరు తెరుచుకుని రొప్పుతూ గొడుగులా ఉంటుంది. మీ వల్ల అది పది నిమిషాలు లేచిందంటే లోపలి పిల్ల ఉడికిపోతుంది. పొద్దున్న పూట చలికీ అంతే అనుకోండి, కానీ మన దగ్గర ఎండే పెద్ద గండం.

ఆ ఎండకి అది చేసే ఇంకో పని మాత్రం దూరం నుంచైనా చూసి తీరాలి. కట్టేసిన కాలవలో అక్కడక్కడా మిగిలిన మడుగు దగ్గర పిట్ట దిగి, నీళ్ళలో కూచుని పొట్ట బాగా ముంచి ఊపుతుంది, స్నానం అనుకుంటారు, కాదు. తర్వాత నేరుగా గూటి దగ్గరికి వెళ్ళి ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూచుంటుంది. నేను ఒక సాయంత్రం లెక్కపెట్టా, నాలుగున్నర నుంచి ఐదున్నర లోపు మూడు ట్రిప్పులు, ఎండిన మట్టి మీద నీళ్ళబొట్లు పడిన చోటల్లా చిన్న చిన్న నల్లచుక్కలు ఒక లైనుగా పడ్డాయి, అవి చూస్తుండగానే ఆరిపోయాయి. పిల్లలు పుట్టాక కూడా ఇలాగే తడిపి చల్లబరుస్తుంది.

గేదె వచ్చినప్పుడు కూడా చూడండి. మనిషికైతే ముందే లేచిపోయే పిట్ట, గేదె గూటి మీదకే మేసుకుంటూ వస్తే మాత్రం లేవదు, ఆఖరికి ముట్టె దగ్గరికొచ్చాక నిలబడి రెండు రెక్కలూ బార్లా చాపి ఆ ముట్టె ముందే అరుస్తుంది. ఆ గేదెకి ఏమర్థమైందో గానీ ఉఫ్ అని ఊది పక్కకి తిరిగి పోయింది. కాళ్ళలో పడి పోవాల్సిన గుడ్లు. నేను స్టూలు మీంచి దాదాపు పడ్డా.

ఇక నా తప్పు చెప్తానన్నా కదా. మూడో ఏడాది, లేఅవుట్‌లో కంకర మీద ఒక జత కూచుంది. దూరం నుంచి గుడ్లు కనపడవు, ఎన్ని ఉన్నాయో చూద్దామని లేచి నడిచా, నా గీత ప్రకారం సరిగ్గా ఆ చోటుకే వెళ్ళా, ఏమీ లేదు. ఒక్క అడుగు వేస్తే తొక్కేస్తానేమో అని భయమేసి అక్కడే వంగి చూస్తే నా ఎడమ చెప్పుకి జానెడు దూరంలో నాలుగూ ఉన్నాయి. గబగబా ఒక ఫొటో తీసుకుని వచ్చేశా, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను చూడంది ఏంటంటే కరెంటు తీగ మీద కాకి ఒకటి నేనెక్కడ వంగానో చూస్తూ కూచుంది. నేను బండి దాకా వచ్చేసరికి అది దిగింది, ఇంకోటి వచ్చింది, రెండు పిట్టలూ నెత్తిన పొడుస్తూనే ఉన్నా సరే, ఒకటి పిట్టల్ని ఆడిస్తుంటే ఇంకోటి గుడ్డు పట్టుకుపోయింది. సాయంత్రానికి ఒక్కటీ లేదు. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది, ఎవరికీ చూపించలేదు.

కాకి, జెముడుకాకి, ముంగిస, ఊరకుక్క, పాము, ఉడుము, ఇన్నిటి మధ్య ఆ గుడ్లు ఉంటాయి, ఎలాగూ చాలా గూళ్ళు పోతాయి, అందులో మన వాటా ఉండకూడదని నా పట్టుదల. ఊరకుక్క మాటొచ్చింది కాబట్టి, బిస్కెట్లు వేసే అలవాటున్నవాళ్ళకి తెలుసు, అది మీ వెనకే వచ్చేస్తుంది. అది రాకుండా చూసుకోండి, వచ్చిందంటే ఆ పూట చూడ్డం మానేసి ఇంటికెళ్ళిపోండి.

గుడ్లు పొదగడానికి 28 నుంచి 30 రోజులు. మామూలుగా అన్నీ పెట్టడం అయ్యాకే కుదురుగా కూచుంటుంది కాబట్టి పిల్లలు కూడా దాదాపు ఒకేసారి వస్తాయి. మీరు మొదటిసారి కుదురుగా కూచోడం చూసిన తేదీ రాసుకుని 28 కలపండి, ఏప్రిల్ 20న చూస్తే మే 18 నుంచి రోజూ పొద్దున్నే వెళ్ళాలి, ముందే కూచుని ఉండి మనం ఆలస్యంగా చూసి ఉంటే ఇంకా ముందే అవ్వచ్చు. దగ్గర పడిందనడానికి గుర్తు, పిట్ట ఊరికే లేచి కిందకి తల వంచి వింటున్నట్టు నిలబడుతుంది, మళ్ళీ కూచుంటుంది, మళ్ళీ లేస్తుంది. గుడ్డు పెంకు ముక్క ముక్కున పట్టుకుని దూరంగా పడేసి వస్తుంది, తెల్లటి లోపలి వైపు శత్రువుకి కనపడకుండా. పెంకు మోస్తూ కనపడిందంటే ఆ రోజు సెలవు పెట్టుకున్నా తప్పు లేదు.

ఎందుకంటే పిల్లలు గూట్లో ఉండవు. ఒళ్ళు ఆరగానే, కొన్ని గంటల్లోనే, లేచి నడిచిపోతాయి. నిమ్మకాయంత ఒళ్ళు, అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు, వీపు మీద మట్టిరంగు మచ్చలు, మెడ వెనక తెల్లపట్టీ, కింద తెలుపు. తల్లి నోట్లో పెట్టదు, దారి చూపిస్తుంది అంతే, పురుగులూ చిన్న నత్తలూ వాటికవే ఏరుకుని తింటాయి. కొంచెం దూరం పరిగెత్తి, పడి, లేచి, అలా మేస్తాయి, అలిసిపోతేనో ఎండకో చలికో మళ్ళీ పెద్దదాని పొట్ట కిందకి దూరతాయి.

వాటిని లెక్కపెట్టడానికి నా దగ్గర ఒకటే ఉపాయం, పిల్లల్ని వెతక్కండి, కాళ్ళు లెక్కపెట్టండి. పెద్దది సగం కూచుని సగం నిలబడినట్టు ఉబ్బి ఉంటుంది, పొట్ట కింద పసుపుపచ్చ పెద్ద కాళ్ళు రెండు, వాటి పక్కన బూడిదరంగు సన్న కాళ్ళు. నేను మొదటిసారి చూసినప్పుడు ఎనిమిది కాళ్ళు, అంటే పిల్లలు మూడు, నాలుగోది ఏమైందో అనుకుంటుంటే రెక్క సందులోంచి ఒక తల బయటికొచ్చి నన్నే చూసింది.

పిల్లలు వచ్చాక రూల్స్ ఇంకా గట్టిగా ఉండాలి. గుడ్లప్పుడు గూడు ఒకచోట ఉంటుంది కాబట్టి దాన్ని తప్పించి నడవచ్చు, ఇప్పుడు పిల్లలు ఎక్కడైనా ఉండచ్చు. పెద్దది ఒక్క అరుపు అరిస్తే ఎక్కడివి అక్కడ నేలకి కరుచుకుపోతాయి, కదలవు, మీ చెప్పు వాటి మీద పడబోతున్నా కదలవు. కాబట్టి చేనులో ఉండగా హఠాత్తుగా రెండు పిట్టలూ మీ నెత్తిమీదకి ముక్కులు పెట్టి దూసుకొస్తే ఉన్నచోటే ఆగి, పాదాల చుట్టూ చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే అడుగులేసి వెనక్కి రండి. అవి కొడతాయేమో అని పరిగెత్తకండి, తలకి తగిలేలా వస్తాయి గానీ ఆఖర్లో పైకి లేచిపోతాయి. పైన గద్ద తిరుగుతుంటే మాత్రం వేరే రకం, పిల్లలు పడుకుంటాయి, పెద్దవి ఎగిరి గద్దనే తరుముతాయి, అప్పుడు మీరు కదలకుండా చూడచ్చు.

పిల్ల ఒక్కటే కనపడితే తల్లి వదిలేసిందనుకుని ఇంటికి పట్టుకెళ్ళి అట్టపెట్టెలో నూకలు వేసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. తల్లి చూస్తూనే ఉంది, మీరుండబట్టే రావట్లేదు. ఆ పిల్లకి నూకలు అక్కర్లేదు కూడా. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పక్షుల గుడ్లు తీసినా, గూళ్ళు కదిపినా అది వేట కిందే లెక్క.

అయితే ఒక్క విషయంలో నేను చెయ్యి పెట్టాను, తప్పో ఒప్పో చెప్తున్నా. రొయ్యల చెరువుల చుట్టూ పీతలు రాకుండా మోకాలెత్తు కన్నా తక్కువగా ప్లాస్టిక్ షీట్ పాతుతారు చూడండి, పెద్దవి షీట్ దాటి తడి ఉన్న వైపు వెళ్ళి పిలుస్తున్నాయి, పిల్ల ఒకటి ఈవైపు షీట్ వెంబడి అటు పది అడుగులు ఇటు పది అడుగులు తిరుగుతూనే ఉంది. అరగంట చూశా. పిల్లని ముట్టుకోలేదు, మకాంలో బాబాయ్ గార్ని అడిగితే ఆయనొచ్చి షీట్ అడుగున జానెడు మట్టి తీసి ఎత్తి పెట్టాడు, ఇద్దరం మళ్ళీ మకాం దాకా వచ్చేశాం. పిల్ల ఇంకో మూడుసార్లు ఆ కన్నం పక్క నుంచే పోయి, నాలుగోసారి తలపెట్టి దూరింది. సాయంత్రం ఆ షీట్ మామూలుగా దించేశాం, లేకపోతే పీతలొస్తాయని ఆయన గోల.

ట్రాక్టర్ విషయం కూడా ముందే మాట్లాడుకోవాలి. దుక్కి దున్నే రోజు తెలుసుకుని రైతుగారికి ముందురోజే చెప్పండి, గుడ్లున్న చోట మంచం అంత జాగా వదిలెయ్యమని, పిల్లలు వెళ్ళాక దున్నుకోవచ్చని. డ్రైవర్‌కి మాత్రం విడిగా, ఆ పొద్దున్నే, వేలు పెట్టి చూపించాలి, రైతు ద్వారా చెప్పిన మాట డ్రైవర్ దాకా చేరదు. నేను అడిగిన ఐదుగురిలో నలుగురు ఒప్పుకున్నారు, ఐదో ఆయన "పిట్ట కోసం డీజిల్ ఎవడిస్తాడండి" అన్నాడు, ఆయన మాటలోనూ న్యాయం ఉంది, మళ్ళీ ట్రాక్టర్ తేవాలంటే ఖర్చే మరి.

ఫొటోలు తీసేవాళ్ళకి రెండు ముక్కలు. ఫోన్‌తో అయితే బైనాక్యులర్ ఒక కంటికి కెమెరా ఆనించి తీస్తే పర్లేదనిపించే ఫొటో వస్తుంది. ఫ్లాష్ వద్దు, డ్రోన్ అస్సలొద్దు, యూట్యూబ్‌లో దాని అరుపు పెట్టి పిలవడం వద్దు. స్టేటస్‌లో పెట్టాలనిపిస్తే పెట్టుకోండి, కానీ ఊరిపేరు, లొకేషన్ లేకుండా, అదీ పిల్లలు అక్కణ్ణించి వెళ్ళిపోయాక. ఒకసారి లొకేషన్ పెడితే మర్నాడు పొద్దున్నకి ముగ్గురు బళ్ళేసుకుని వచ్చారు, ముగ్గురూ మంచోళ్ళే, కానీ పిట్ట రెండు గంటలు కూచోలేదు.

సముద్రం ఒడ్డుకి వెళ్ళేవాళ్ళకి, అంతర్వేది వైపో ఓడలరేవు వైపో, ఇదే లెక్క ఇంకా జాగ్రత్తగా. అక్కడ ఇసుక మీద గుడ్లు పెట్టే పిట్టలు తీతువు కన్నా చిన్నవి, గుడ్లు కూడా ఇసుక రంగే. ఎండాకాలం పోటు గీతకి పైన పొడి ఇసుకలో బళ్ళు తిప్పకండి, తడి ఇసుక మీదే నడవండి. పంచతంత్రంలో టిట్టిభం గుడ్లని సముద్రం ఎత్తుకుపోతే ఆ జత సముద్రం మీదకే తగాదాకి వెళ్ళింది చూడండి, ఆ టిట్టిభం మన తీతువే అంటారు, నిజంగా ఆ పిట్టని చూశాక నాకు ఆ కథలో వింతేమీ అనిపించలేదు, గేదె ముట్టె ముందు రెక్కలు చాపిన పిట్ట సముద్రాన్ని మాత్రం వదులుతుందా.

పిల్లలకి మొదటి వారం గడిస్తే చాలావరకు గట్టెక్కినట్టే. తర్వాత రోజురోజుకీ దూరం జరుగుతాయి, మీ గీత ఇక పనికిరాదు, పెద్దవాటి అరుపుని బట్టి ఏ గట్టు మీద ఉన్నాయో చూసుకోవాలి. నెల దాటాక చిన్నవి ఎగరడం మొదలెడతాయి, మొదట్లో గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి, కాళ్ళు వేలాడేసుకుని. అప్పటికి సార్వాకి కాలవల్లో నీళ్ళొస్తాయి, నారుమళ్ళు తడుస్తాయి, ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులతో కలిసి అక్కడే మేస్తుంటాయి, ముక్కు దగ్గర ఎర్రకండ ఇంకా చిన్నదిగా, గొంతు దగ్గర నలుపు బదులు తెల్లగా ఉన్నవి ఈ ఏటి పిల్లలు. వాటిని ఆ నారుమళ్ళలో రోడ్డు మీంచే చూడచ్చు, స్టూలు కూడా అక్కర్లేదు. నోట్‌బుక్కులో ఆ చోటు, తేదీలు జాగ్రత్తగా ఉంచుకోండి, మా మూడో మూల జత వరసగా రెండేళ్ళు అదే గట్టు మీద, పాత గుంటకి పది బారల లోపే పెట్టింది, అందుకని వచ్చే మార్చిలో వెతుకులాట అక్కణ్ణించే మొదలు.